పిల్లల జాంచ్

వినీత విసిరిన రాయి కోసే అనే పక్కింటి మనిషి నుదుటికి తగిలింది. నుదురు చిట్లి, నెత్తురు కనుబొమ్మ మీదుగా కారి పైట తడిపింది.  మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. ఆమె తిట్టుకుంటూ వచ్చి ఉంటే వినీత తల్లి సోమమ్మ కూడా నాలుగు మాటలు అని, గాయానికి పసుపు అద్ది, పిల్ల వీపు మీద రెండు వేసి ఊరుకునేది. కోసే తిట్టలేదు. గుమ్మం ముందు నిలబడి, గాయం మీద గుడ్డ అదిమిపెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇప్పపువ్వు ఏరుకుందామని పోతున్న. నేనొక్క మాట అనలే సోమమ్మా. తొవ్వ పక్కన బండ మీద కూసొనుంది నీ బిడ్డ. నన్ను జూడంగనే రాయి దీసింది. పోవే, ఎన్కకు పోవే అని ఒకటే కేకలు. ఆ కండ్లు పిల్ల కండ్ల లెక్క లేవు."

 ఆ మాట సోమమ్మకూ తోచిందే. పైకి అనడానికి భయపడి లోపలే పెట్టుకున్న మాట ఇప్పుడు పక్కింటి మనిషి నోట వచ్చింది.

ఇప్పపువ్వు రాలే కాలం అది. తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, బీజాపూర్ జిల్లా అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో ఆ నెల రోజులూ ఎవరికీ వేరే పని ఉండదు. తెల్లవారుతుండగానే గంపలు ఎత్తుకుని తోపుకు పోతారు. మగవాళ్ళు చాలామంది మిరప కోతలకు తెలంగాణ వైపు వెళ్ళారు. సోమమ్మ మొగుడు రాఘవులు కూడా అక్కడే ఉన్నాడు. ఇంట్లో సోమమ్మ, అత్త లచ్చక్క, ఏడేళ్ళ వినీత. పోయినేడు వినీతే అందరికన్నా ముందు లేచి, తన చిన్న బుట్ట పట్టుకుని తోపుకు పరుగెత్తేది. ఏరిన పువ్వులో సగం నోట్లో వేసుకునేది.

ఈ ఏడు పువ్వు రాలడం మొదలైన కొన్నాళ్ళకే పిల్ల మారిపోయింది. ఒకనాటి మధ్యాహ్నం తోపు నుంచి ఒక్కతే తిరిగి వచ్చి మూలన ముడుచుకుని పడుకుంది. జ్వరమేమో అనుకున్నారు. ఒళ్ళు చల్లగానే ఉంది. ఆ రోజు నుంచి పక్క తడపడం మొదలైంది. సోమమ్మ గంప ఎత్తుకుంటే చాలు, కాళ్ళకు చుట్టుకునేది. విడిపించుకోబోతే మణికట్టు మీద పళ్ళు దిగేలా కరిచింది. ఒకరోజు పొయ్యి ముట్టించగానే గంపను తీసుకుపోయి మంటలో పెట్టింది. పాత వెదురు గంప, భగ్గున అంటుకుంది. సోమమ్మ చీపురు తిరగేసి కొట్టింది. పిల్ల ఏడవలేదు, తప్పించుకోలేదు. పెదాలు బిగించుకుని దెబ్బలన్నీ తిని, లేచి పోయి తోపు దారిలోని బండ మీద కూర్చుంది. ఆ తర్వాత రోజూ అదే తీరు. బడి లేదు, తిండి లేదు. పొద్దున పోతే పొద్దు నడినెత్తికి ఎక్కేదాకా ఆ బండ మీదే. పశువులు వస్తే రాళ్ళు, మేకలు వస్తే రాళ్ళు. కన్నతల్లి మీద కూడా రెండుసార్లు విసిరింది. సోమమ్మ చుట్టూ తిరిగి వేరే వైపు నుంచి పోయి పువ్వు ఏరుకుంటుంటే, బండ దిగకుండా ఆమెనే చూస్తూ కూర్చునేది.

"ఇది మన పిల్ల కాదే," అంది లచ్చక్క, కోసే వెళ్ళిపోయాక. "తోపుల ఏదో పట్టింది. ఎవరో కావాల్నని చేపిచ్చిండ్రు. ఎల్లుండి వడ్డెను పిలుస్త."

వడ్డె ఊరి పూజారి. ఆయన వస్తే కోడిని కోస్తారు, సాంబ్రాణి వేస్తారు. అంతవరకు సోమమ్మకు అభ్యంతరం లేదు. కానీ పూనకం వచ్చాక, చేతబడి ఎవరు చేశారని అడుగుతారు. అప్పుడొక పేరు బయటికి వస్తుంది. వాగుకు అవతలి పల్లెలో అలా ఒక పేరు వచ్చింది. ఆ పేరు గల ఆడమనిషి తర్వాత ఎటు పోయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఈసారి వచ్చే పేరు ఎవరిదో సోమమ్మకు ముందే తెలుసు. నెత్తురోడుతూ ఇప్పుడే గుమ్మం ముందు నిలబడి పోయిందే, ఆ దిక్కులేని మనిషిదే.

మరునాడు బడిలో చదువు చెప్పే మంగల్ గురూజీ ఇంటికి వచ్చాడు. బండ మీది నుంచి దింపబోతే వినీత తన చేయి కూడా కరిచిందని చెప్పడానికి వచ్చాడు కానీ, సోమమ్మ మొహం చూసి ఆ మాట మింగేశాడు.

"సడక్ మీద కొత్త అస్పతాల్ల పిల్లల జాంచ్ జేస్తున్నరు వదినా. జ్వరానికి కాదు. కోపమెక్కువున్న పిల్లలు, ఊరికే భయపడే పిల్లలు, మాట్లాడని పిల్లలు, అట్లాంటోళ్ళకు. ఒక దీదీ ఉంటది. ఏవో ప్రశ్నలడుగుతది, అంతే. సూది గీది ఏం లేదు."

సూది అంటే సోమమ్మకు భయం లేదు. జాంచ్ అన్న మాటంటేనే భయం. ఆ ఊళ్ళో నెత్తురు పరీక్ష చేసినా జాంచే, ఇల్లు సోదా చేసినా జాంచే, జీపు ఆపి సంచులు విప్పించినా జాంచే. ఎవరొచ్చారు, ఎటు పోయారు, ఎవరికి అన్నం పెట్టావు అని పోలీసు క్యాంపులోని జవాన్లు అడిగారు. అడవి లోపలి దళం వాళ్ళూ అవే ప్రశ్నలు అడిగారు. ఎవరడిగినా ఆమె నేర్చుకున్న జవాబు ఒకటే: నాకు తెల్వదు. ఆ జవాబే ఇన్నాళ్ళు ఇంటిని కాపాడింది. ఇప్పుడు తనంతట తాను నడిచి పోయి ప్రశ్నలకు ఎదురు కూర్చోవాలా? పిల్ల పేరు కాగితం మీద రాయించాలా?

కానీ రేపు వడ్డె వస్తాడు. ఆ రోజంతా ఆలోచించి, తెల్లవారాక సోమమ్మ పిల్ల చేయి పట్టుకుంది.

వినీత గుమ్మం పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి భుజాన వేసుకోవలసి వచ్చింది. పిల్ల పిడికిళ్ళతో వీపు మీద గుద్దుతూనే ఉంది. వెనుక నుంచి లచ్చక్క గొణుగుతోంది. "వడ్డె పొద్దుగూకినంకనే వస్తడు. పోతే పో. ఇయ్యాల రాలిన పువ్వంతా పశువుల పాలేనా? జావ తాగి నేనే పోత."

సోమమ్మ విన్నది. పిల్లను పట్టుకోవడంలో ఆ మాట మనసుకు ఎక్కలేదు.

తారు రోడ్డు ఎక్కాక పిల్లను దించింది. వినీత నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. "ఇంటికి పోదామమ్మా," అంది. ఇన్నాళ్ళలో పిల్ల తల్లితో అన్న మొదటి నిండు మాట అదే. "పోదాం, పోదాం," అని సోమమ్మ లాక్కుపోయింది. క్యాంపు ముందు ముళ్ళతీగ పక్కన కాపలా ఉన్న జవాను హిందీలో ఎక్కడికని అడిగాడు. అస్పతాల్‌కు అంది. బచ్చీకి ఏమైందని అడిగాడు. జ్వరం, బుఖార్ అంది. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకు ఆశ్చర్యం వేయలేదు.

అస్పతాల్ అంటే రెండు గదుల పసుపు రంగు కట్టడం. గురూజీ చెప్పిన దీదీ, నర్సు నాగలక్ష్మిది భోపాలపట్నం. సోమమ్మ తడబడుతూ హిందీలో మొదలుపెట్టగానే ఆమె నవ్వి తెలుగులో అంది. "కూసో అక్కా. మనది ఒకటే మాట."

సోమమ్మకు ఊరట కలగాలి. కలగలేదు. హిందీ అయితే అర్థం కాలేదని తప్పించుకోవచ్చు. తెలుగులో దాక్కోవడానికి చోటు లేదు.

"నేను కొన్ని అడుగుత. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, ఎక్కువసార్లు. ఈ మూడిట్ల ఏదో ఒకటి చెప్పు, సాలు," అంది నాగలక్ష్మి, కాగితం ముందు పెట్టుకుని. "పిల్ల దిగులుగ ఉంటదా?"

"లేదు."

"చిన్నదానికి పెద్దదానికి భయపడ్తదా?"

"లేదు."

"తోటి పిల్లలతోని కొట్లాడుతదా?"

"లేదు."

"వస్తువులు పాడు జేస్తదా?"

కాలిపోతున్న గంప సోమమ్మ కళ్ళ ముందు మెదిలింది. "లేదు," అంది.

నాగలక్ష్మి కలం కింద పెట్టింది. ఆమె చూపు సోమమ్మ మణికట్టు మీద ఉంది. పళ్ళ గాట్లు ఇంకా మానలేదు. సోమమ్మ కొంగు లాక్కుని కప్పుకుంది.

"ఈ కాగితం క్యాంపుకు పోదక్కా. ఎవ్వరికి పోదు. నీ బిడ్డకేం కావాల్నో నాకు తెల్వాలె గదా, అందుకే అడుగుతున్న."

అందరూ మొదట ఇలాగే అంటారు, అనుకుంది సోమమ్మ.  నాగలక్ష్మి ఇంకేమీ రెట్టించలేదు. తలుపు దగ్గర నిలబడి ఉన్న వినీత వైపు తిరిగింది. పిల్ల ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, బయటి ఎండకేసి చూస్తోంది.

"ఏం వినీతా, ఇంటికి పోవాల్నని తొందరనా?"

"ఊఁ."

"ఇంటికాడ అంత పనేమున్నదమ్మా?"

 వినీత బయటి ఎండను మళ్ళీ చూసింది. పొద్దు పైకెక్కుతోంది. పిల్ల గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను ఈడుంటే ఆడ ఎవరుంటరు?"

"ఆడంటే ఏడ?"

"బండ కాడ."

"బండ కాడ ఎవరన్న ఉండాల్నా?"

"ఉండకుంటే తొక్కుతరు."

నాగలక్ష్మి కుర్చీలోంచి లేచి, పిల్ల ముందు నేల మీద కూర్చుంది. ఆమె గొంతు సన్నబడింది. "ఏం తొక్కుతరు బిడ్డా?"

వినీత తల్లివైపు చూసింది. "చెప్తే అమ్మను తీస్కపోతమన్నరు."

ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. ఇద్దరు మనుషులు. కాలిన ఇప్పమొద్దు పక్కన తవ్వారు. స్టీలు డబ్బా పెట్టారు, దానికి తీగలు ఉన్నాయి. మట్టి కప్పి, మట్టి మీద బూడిద చల్లారు. చెట్టు చాటున ఉన్న తనను ఒకాయన చూసి భుజం పట్టుకున్నాడు. ఇటు రావద్దు, కాళ్ళు తెగిపోతాయి అన్నాడు. ఎవరికన్నా చెప్తే మీ అమ్మ ఉండదు అన్నాడు.

"ఒకాయన ఎవరో ఎరుక లేదు. ఇంకొకాయన మన—"

సోమమ్మ చేయి పిల్ల నోటి మీద పడింది. గట్టిగా మూసింది. పిల్ల ముక్కుతో రొప్పుతున్న ఊపిరి వేడిగా వేళ్ళకు తగులుతోంది. నాగలక్ష్మి అభ్యంతరం చెప్పలేదు. లేచి పోయి తలుపు మూసి వచ్చింది. 

"పేరొద్దు," అంది. "నాకొద్దు, నీకొద్దు."

 పువ్వు ఏరిన ప్రతి పొద్దూ సోమమ్మ కళ్ళ ముందుకొచ్చింది. కాలిన మొద్దు పక్క నుంచి ఎన్నిసార్లు వంగి పోయిందో. మొన్న అక్కడే, చేతికందేంత దూరంలో, గంప దించి నడుము పట్టుకుని నిలబడింది. అప్పుడే కదా పిల్ల రాయి విసిరింది? భుజానికి తగిలితే కోపంతో వెనక్కి తిరిగి పోయి చెంప పగలగొట్టింది. వెనక్కి తిరిగింది కాబట్టే ఇవాళ రెండు కాళ్ళతో కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల, చెప్పడానికి నోరు లేక, వదిలేయడానికి మనసు ఒప్పక, ఊరందరి దారికి రోజూ అడ్డంగా కూర్చుంది. ఊరంతా దాన్ని దయ్యమంది. తాను చీపురు తిరగేసింది.

అప్పుడు లచ్చక్క మాట గుర్తొచ్చింది. జావ తాగి నేనే పోత.

"అత్త!" అంది సోమమ్మ. "మా అత్త తోపుకు పోయింది."

నాగలక్ష్మి స్కూటీ తాళం అందుకుంది.  సడక్ దిగి ఊళ్ళలోకి ఒంటరిగా పోవద్దని ఆమెకు పైవాళ్ళు చెప్పి ఉన్నారు. క్యాంపు ముందు ఆపి విషయం చెబుదామా అన్న ఆలోచన ఆమెకు వచ్చి ఉంటుంది. అక్కడ బండి కాస్త నెమ్మదించింది. కానీ వెనుక సోమమ్మ, నడుమ వినీత. ఈ ముగ్గురూ క్యాంపు గేటు దగ్గర ఆగారన్న మాట సాయంత్రానికి ప్రతి గడపకూ చేరుతుంది. "జ్వరం కేసు," అని జవానుకు చేయి ఊపి ముందుకు పోనిచ్చింది.

రోడ్డు నుంచి తోపు దారి చీలే చోట బండి ఆపారు. పువ్వు కనబడాలని ఊరివాళ్ళు చెట్ల కింద ఆకులన్నీ ముందే కాల్చి ఉంచారు. నేలంతా నల్లటి బూడిద, దాని మీద తెల్లగా పువ్వు. కాలిన మొద్దుకు అవతల, మూడో చెట్టు కింద లచ్చక్క వంగి ఏరుకుంటోంది. పక్కన గంప.

"అత్తా! కదలకు! ఆడనే ఉండు!"

లచ్చక్కకు చెవులు సరిగా వినపడవు. నడుము నిలిపి, నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏందే?" అంటూ సూటిగా వాళ్ళవైపు ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఆమెకూ వాళ్ళకూ నడుమ ఆ మొద్దు ఉంది.

"కూసో!"

సోమమ్మ ఉలిక్కిపడింది. అంత చిన్న ఒంట్లోంచి అంత కేక ఎలా వచ్చిందో తెలియదు. వినీత మెడ నరాలు పొంగాయి. "నానమ్మా, కూసో! లేస్తే సస్తవ్! కూసో!"

లచ్చక్క కూలబడినట్టు కూర్చుంది. మాట్లాడింది మనవరాలు కాదనుకుంది. పిల్లను పట్టినదే మాట్లాడిందనుకుని రెండు చేతులూ జోడించింది. "తప్పయింది తల్లీ, తప్పయింది," అంటోంది వణుకుతూ.

"ఏడున్నది బిడ్డా? సరింగ చూపియ్యి," అంది నాగలక్ష్మి.

"ఆ మొద్దుకు, ఈ బండకు నడుమ."

"ఒక్కటేనా?"

వినీత ఆలోచించింది. "నేను జూసింది ఒక్కటే," అంది.

ఆ జవాబు విన్నాక సోమమ్మ ముందుకు వేయబోయిన కాలు అక్కడే ఆగిపోయింది. నేల మీద ఏ చోటు మంచిదో, ఏది కాదో ఇక తెలియదు. అప్పుడు ఆమెకు బూడిదలో అడుగులు కనబడ్డాయి. లచ్చక్క బండ దగ్గరి నుంచి పోలేదు. బండ మీద దయ్యం కూర్చుంటోందన్న భయంతో చుట్టూ తిరిగి, వాగు వైపు నుంచి పోయింది. ఆమె పాదాలు పడిన చోటల్లా బూడిద అణిగి ఉంది.

"అత్తా, నువ్వొచ్చిన అడుగులు కనబడ్తున్నయా? ఎన్కకు తిరుగు. ఆ అడుగుల మీదనే కాలు పెట్టుకుంట పో. పక్కకు పెట్టకు," అని సోమమ్మ గొంతు చించుకుని ఒక్కో మాటే అరిచింది.

"పువ్వే? గంప..."

"ఒదిలెయ్యి!"

లచ్చక్క లేచింది. కొంగు నడుముకు దోపుకుని, తన పాత అడుగు వెతుక్కుని, దాని మీద పాదం పెట్టింది. నిలబడింది. ఇంకొకటి వెతుక్కుంది. కంటిచూపు కూడా అంతంత మాత్రమే. ఒకచోట అడుగు కనిపించక కాలు గాలిలోనే ఉంచి ఊగింది. సోమమ్మ కళ్ళు మూసుకుంది. వినీత మూసుకోలేదు. "కుడి దిక్కు నానమ్మా. ఇంకింత. ఆఁ, ఆడ," అని అరుస్తూనే ఉంది. ముసలమ్మ వాగు ఒడ్డు చేరి, చుట్టూ తిరిగి, రోడ్డు ఎక్కేసరికి ముగ్గురి బట్టలూ చెమటతో తడిసిపోయాయి. అసలు సంగతి చెవిలో చెప్పినప్పుడు లచ్చక్క ఏడవలేదు. పిల్ల కాళ్ళు పట్టుకుని నిమురుతూ రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"నేను చెప్పకుండ ఉండలేనక్కా," అంది నాగలక్ష్మి. "రేపు ఎవరి కాలో పడ్తది."

"మా పేరొస్తే మమ్మల్ని బతకనియ్యరు."

"రానియ్య. నువ్వెవరో నేను చెప్ప. కానీ అందాక తోపుల ఎవ్వరు అడుగు పెట్టకుండ చూడాలె. ఏం జెప్పి ఆపుతరు?"

"దానికి నేనున్న," అంది లచ్చక్క.

ఆ మధ్యాహ్నం లచ్చక్క జుట్టు విరబోసుకుని ఇంటి ముందు కూర్చుంది. తోపు తల్లికి కోపం వచ్చిందని, తన మనవరాలి మీదికి వచ్చి పలికిందని, పూజ అయ్యేదాకా అక్కడ కాలు పెట్టినవాళ్ళ కాలు ఉండదని చెప్పింది. సగం నటన, సగం నిజమైన వణుకు. జనం నమ్మారు. కోసే నుదుటి గాయం తడుముకుని, "అందుకేనా నన్ను ఎన్కకు పంపింది," అంది. ఆ సాయంత్రం వచ్చిన వడ్డె కోడిని కోసి, తోపు దారులకు ముళ్ళకంప వేయించాడు. ఎవరి పేరూ బయటికి రాలేదు. తల్లి కోపమని తేలాక, ఎవరు చేశారని అడగవలసిన పని లేకపోయింది. గుంపు వెనుక జోగ నిలబడి ఉన్నాడు. ఊళ్ళో అందరి పొలాలూ ట్రాక్టరుతో దున్నేది అతనే. రాఘవులుకు చిన్ననాటి స్నేహితుడు. "మంచిది. ఎవ్వరు పోకుండ్రి," అన్నాడు అతను కూడా.

కొన్ని రోజులకు అవతలి దిక్కు నుంచి జవాన్లు కుక్కను తీసుకుని తోపులోకి వచ్చారు. పొద్దెక్కాక పేలుడు వినిపించింది. ఇంటి పెంకులు అదిరాయి. కాసేపటికి ఇంకొకటి. ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంది.  రెండు తీశారని తర్వాత తెలిసింది. ఒకటి వినీత చెప్పిన చోట. రెండోది మూడో చెట్టు కింద, లచ్చక్క గంప వదిలేసి వచ్చిన చోటుకు మూరెడు దూరంలో. ఆ మాట లచ్చక్కకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతే సోమమ్మకు అసలు భయం మొదలైంది. బాంబు ఎక్కడుందో క్యాంపుకు ఎవరు చెప్పారని ఊళ్ళో గుసగుసలు. మేకల కాపరి అన్నారు, లొంగిపోయినవాళ్ళెవరో అన్నారు. బావి దగ్గర ఆమె పోగానే మాటలు ఆగినట్టు అనిపించేది. నిజంగా ఆగేవో లేదో తెలియదు.

ఒక పగటిపూట జోగ ఇంటికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. సోమమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. వినీత ఆమె వెనుక నిలబడింది.

"పిల్లకు నయమైందా వదినా? అస్పతాల్‌కు తీస్కపోయినవంట."

"పోయిన. జాంచ్ జేసిండ్రు."

"ఏమడిగిండ్రు?"

"అన్నం తింటదా, పక్క తడుపుతదా అని."

"పిల్ల ఏం జెప్పింది?"

"ఏం జెప్తది మర్దీ, ఒకటే ఏడుపు."

వెనుక నుంచి పిల్ల గోళ్ళు ఆమె తొడలోకి దిగాయి. ఆ వెంటనే ఆమె మడమకు వెచ్చగా తడి తగిలింది. నిలబడ్డ చోటే వినీత బట్టలు తడిపేసుకుంది. సోమమ్మ కిందికి చూడలేదు. చీర కుచ్చిళ్ళు కొంచెం పరిచి తడి కనబడకుండా నిలబడింది. తెలుసుకోవద్దని ఆ రోజు చేతితో మూసిన పేరు ఇప్పుడు తెలిసిపోయింది. మొహం మీద నవ్వు చెదరకూడదు. దేవుడా, చెదరకూడదు.

"ఇంకో చెంబు తేనా?" అంది.

"వద్దు." జోగ చెంబు తిరిగి ఇచ్చాడు.  తాగుతూ ఒలకబోసుకున్న నీళ్ళతో అతని పైచొక్కా తడిసి ఉంది. బాంబు సంగతి ఎవరు చెప్పారో తేల్చమని లోపలి వాళ్ళు అతన్నీ నిలదీస్తున్నట్టున్నారు. కళ్ళు గుంటలు పడ్డాయి. వినీతను ఒక్క క్షణం చూసి తల తిప్పుకున్నాడు. "రాఘవులన్న వచ్చేది ఎప్పుడు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయాడు.

మరుసటి సోమవారం సోమమ్మ పిల్లను తీసుకుని మళ్ళీ అస్పతాల్‌కు పోయింది. ఈసారి వినీత గుమ్మం పట్టుకోలేదు. నాగలక్ష్మి అదే కాగితం ముందు పెట్టుకుంది. పిల్ల పక్క తడుపుతోందని, నిద్రలో కేకలు వేస్తోందని, అన్నం తినడం లేదని, మోటర్‌సైకిలు చప్పుడైతే మంచం కింద దూరుతోందని సోమమ్మ దాచకుండా చెప్పింది. జోగ సంగతి మాత్రం చెప్పలేదు. నాగలక్ష్మి కూడా ఎవరన్నా వచ్చారా అని అడగలేదు.

"బీజాపూర్ నుంచి పిల్లల డాక్టరు వస్తడు. చూపిద్దాం," అంది. "నయమైతది, కానీ ఒక్కరోజుల కాదు. కొట్టకు. దగ్గరనే పండవెట్టుకో. అది చెప్పిన మాట నమ్ము, అదే పెద్ద మందు. ఇన్నాళ్ళు అది ఒక్కతే మోసింది గదా."

వినీత వరండాలో కూర్చుని నాగలక్ష్మి ఇచ్చిన రంగు పెన్సిళ్ళతో ఏదో గీస్తోంది. సోమమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"దీదీ, ఈ జాంచ్ పెద్దోళ్ళకు చెయ్యరా?"

నాగలక్ష్మి ఆమెకేసి చూసింది. కొంగు నలుపుతున్న వేళ్ళను చూసింది. తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకుంది.

"చేస్తరక్కా. నిద్ర పడ్తున్నదా?"

బయట సడక్ మీద మోటర్‌సైకిలు చప్పుడు దగ్గరికి వచ్చింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. వరండాలో పెన్సిలు గీత ఆగింది. బండి ఆగకుండా ముందుకు పోయి, మలుపు తిరిగి, చప్పుడు పూర్తిగా అణిగిపోయేదాకా ఎవరూ కదలలేదు.

"పడ్తలేదు," అంది సోమమ్మ.